శాటిలైట్ మచ్చ నుంచి గంటకు ఎన్ని టన్నులు దాకా: ఫ్యాక్టరీ ఉద్గారాలను లెక్కగట్టడం ఎలా

శాటిలైట్ మ్యాప్‌లో ఒక ఫ్యాక్టరీ మీద ఎర్రటి మచ్చ కనబడగానే "చూశారా, ఎంత వదులుతోందో" అని స్క్రీన్‌షాట్ పెట్టేయడం తేలికే. కానీ ఆ మచ్చ చెప్పేది ఆ క్షణంలో ఆ చోట గాలిలో ఎంత వాయువు పోగై ఉందో మాత్రమే. గొట్టంలోంచి గంటకు ఎంత బయటికొస్తోందో అది చెప్పదు. గాలి కదలని రోజున ఓ మోస్తరు ఫ్యాక్టరీ కూడా ముదురు ఎరుపులో కనిపిస్తుంది, గాలి గట్టిగా వీచిన రోజున పెద్ద థర్మల్ ప్లాంటు కూడా లేత పసుపులోకి దిగిపోతుంది. కాలువలో నీళ్లు ఎంత లోతున్నాయో చూసి గంటకు ఎంత పారుతోందో చెప్పలేం కదా, పారే వేగం కూడా తెలియాలి. ఇక్కడ ఆ వేగం గాలిది. మచ్చను టన్నుల్లోకి ఎలా మార్చాలో, ఆ అంకెను నేల మీది కొలతలతో ఎలా సరిచూసుకోవాలో రాస్తున్నాను. కూడికలు, గుణకారాలు వస్తే చాలు, ఇక కావాల్సింది ఓపికే.

ముందు ఏ వాయువో తేల్చుకోండి. బొగ్గు, గ్యాస్, సిమెంట్, స్టీల్ ప్లాంట్లకు నైట్రోజన్ డయాక్సైడ్ అన్నిటికంటే అనువైనది. గాలిలో కొద్ది గంటలే బతుకుతుంది కాబట్టి పుట్టిన చోటికి దగ్గర్లోనే కనిపిస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ బొగ్గు ప్లాంట్లకు, రాగి, నికెల్ కరిగించే స్మెల్టర్లకు బాగుంటుంది, కానీ సిగ్నల్ బలహీనం, మూలం పెద్దదైతే తప్ప రోజువారీ చిత్రంలో తేలదు. రష్యాలోని నోరిల్స్క్ స్మెల్టర్లలాగా 2010ల్లో ఏడాదికి 20 లక్షల టన్నులకు అటూ ఇటూగా వదిలినవైతే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, మామూలు ప్లాంటుకు నెలల సగటు తీయాల్సిందే. ధూళి సంగతికి వస్తే, శాటిలైట్ ఇచ్చే ఏరోసాల్ మసకను పట్టుకుని ఒక ఫ్యాక్టరీ ధూళిని లెక్కగట్టే ప్రయత్నం మాత్రం చేయకండి. అందులో ఎడారి దుమ్ము, పొలాల పొగ, గాలిలోనే తయారయ్యే కణాలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఈ వ్యాసంలో ఎక్కువగా నైట్రోజన్ డయాక్సైడ్‌నే పట్టుకుని నడుస్తాను.

డేటాకు మొదటి చిరునామా ట్రోపోమి. 2017 అక్టోబరులో ఎగిరిన సెంటినెల్-5పీ శాటిలైట్ మీద ఉన్న పరికరం ఇది, రోజుకోసారి దాదాపు భూమి మొత్తాన్ని చూస్తుంది, స్థానిక సమయం మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మీ నెత్తి మీదుగా పోతుంది. 2019 ఆగస్టు నుంచి దీని పిక్సెల్ సరిగ్గా కింద ఉన్నచోట 5.5 × 3.5 కిలోమీటర్లు, అంచుల వైపు ఇంకా పెద్దది. యూరప్ వాళ్ల కోపర్నికస్ డేటా స్పేస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. గూగుల్ ఎర్త్ ఇంజన్‌లో గ్రిడ్ చేసిన రూపంలోనూ ఉంది, అక్కడ గడి కిలోమీటరు చిల్లరే కాబట్టి చాలా స్పష్టంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అది ఉత్త భ్రమ, పెద్ద పిక్సెల్‌ను చిన్న గళ్లుగా కోసినంత మాత్రాన కొత్త సమాచారం పుట్టదు. ఒకే ప్రహరీలో ఉన్న రెండు గొట్టాల్లో ఏది ఎంత వదిలిందో దీంతో చెప్పలేరు, ఎవరైనా చెబుతుంటే నమ్మొద్దు. రోజులో గంట గంటకూ కావాలంటే భూస్థిర కక్ష్యలోవి చూడాలి, ఆసియా మీద జెమ్స్ (2020), ఉత్తర అమెరికా మీద టెంపో (2023) ఉన్నాయి.

ఫైల్ తెరిచాక మొదటి పని నాణ్యత వడపోత. ప్రతి పిక్సెల్ పక్కన నాణ్యత విలువ ఒకటి ఉంటుంది, నైట్రోజన్ డయాక్సైడ్‌కు 0.75 కంటే ఎక్కువ ఉన్నవే తీసుకోండి. మబ్బులు, మంచు ఉన్నవి ఇక్కడే చాలావరకు పోతాయి. కాలమ్ అంటే ఒక చదరపు మీటరు నేల మీద నిలువునా ఉన్న వాయువు మొత్తం. నేలకు దగ్గరి పొర, అంటే ట్రోపోస్ఫియర్ కాలమ్‌నే వాడండి. మొత్తం కాలమ్ వాడితే పైనున్న స్ట్రాటోస్ఫియర్ కూడా కలిసొస్తుంది. సల్ఫర్ డయాక్సైడ్ అయితే ఇంకో తిరకాసు ఉంది. ఒకే ఫైల్‌లో నేల దగ్గరి కాలుష్యానికని ఒకటి, 7 కిలోమీటర్లు, 15 కిలోమీటర్ల ఎత్తుకని వేరేవి ఉంటాయి. ఆ పైవి అగ్నిపర్వతాల కోసం, ఫ్యాక్టరీకి వాడితే అంకె సగానికి సగం తగ్గినా ఆశ్చర్యం లేదు. మరో మాట, మైనస్ విలువలు కనబడితే "మైనస్ వాయువు ఎలా ఉంటుంది" అని తీసిపారేయకండి. అది కొలతలోని నాయిస్. కిందికి పోయినవాటిని తీసేసి పైకి పోయినవాటినే ఉంచితే సగటు పైకి జరిగిపోతుంది, శుభ్రమైన ఎడారి మీద కూడా ఫ్యాక్టరీ మొలుస్తుంది.

ఇక గాలి. చాలామంది తేలిగ్గా తీసుకునేదీ, చివరికి అంకెను ముంచేదీ ఇదే. ఈరా5 అనే పునర్విశ్లేషణ డేటా (పాత కొలతలనూ వాతావరణ మోడల్‌నూ కలిపి తయారుచేసినది) గంట గంటకూ పావు డిగ్రీ గ్రిడ్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో 10 మీటర్ల ఎత్తు గాలి అందరికీ ముందు కనబడుతుంది, అది తీసుకోకండి. పొగగొట్టమే 200 మీటర్లుండొచ్చు, వేడి పొగ ఇంకా పైకి లేస్తుంది, మధ్యాహ్నానికల్లా కింది పొరంతా కలిసిపోతుంది. అందుకని నేల నుంచి 500 మీటర్ల దాకా సగటు తీయడం మేలు, అంత ఓపిక లేకపోతే కనీసం 100 మీటర్ల గాలి. సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది, శాటిలైట్ మీ చోటు మీదుగా పోయిన గంటకు సరిపోయే గాలే కావాలి. దిశ దగ్గర కూడా చాలామంది పప్పులో కాలేస్తారు. వాతావరణ కేంద్రం పడమర గాలి అంటే పడమర నుంచి వచ్చేది, ఈరా5లో తూర్పు దిశ భాగం ప్లస్ అంటే తూర్పుకు పోయేది. రెండూ ఒకటే, చెప్పే తీరు వేరు. కలగాపులగం చేస్తే పొగ తోక ఉన్న వైపు వదిలేసి ఖాళీ వైపు కొలుస్తారు. సెకనుకు 2 మీటర్ల కంటే తక్కువ గాలి ఉన్న రోజులు పక్కన పెట్టేయండి, అలాంటప్పుడు పొగ ఎటు పోతోందో మోడల్‌కే తెలియదు.

అన్నీ ఉన్నాయి కాబట్టి లెక్కలోకి దిగుదాం. ఒక ఊహా ప్లాంటు అనుకోండి, చుట్టూ వేరే పరిశ్రమ, పెద్ద నగరం ఏమీ లేవు, నేల చదునుగా ఉంది. మీరు మొదటిసారి చేస్తుంటే ఇలాంటిదే ఎంచుకోండి, నగరం పక్కనున్న దానితో మొదలుపెడితే వాహనాల పొగను వేరు చేయలేక తల పట్టుకుంటారు. సముద్రం ఒడ్డున ఉన్నదీ వద్దు, సరిగ్గా శాటిలైట్ వచ్చే వేళకే సముద్రపు గాలి దిశ మార్చేస్తుంటుంది. ప్లాంటు నుంచి గాలి పోయే వైపు 15 కిలోమీటర్ల దూరంలో పొగ తోకకు అడ్డంగా ఒక గీత గీయండి. గాలి వచ్చే వైపు నుంచి బ్యాక్‌గ్రౌండ్, అంటే ప్లాంటు లేకపోయినా గాలిలో ఉండేది, తీసుకుని గీత మీది విలువల్లోంచి తీసేయండి. గీత మీద 5 కిలోమీటర్ల వెడల్పున్న ఐదు గళ్లలో మిగిలింది చదరపు మీటరుకు 2, 5, 9, 6, 2 అనుకుందాం, అంతా మోల్‌లో లక్షో వంతుల లెక్కన. కూడితే 24. దాన్ని 5000 మీటర్లతో గుణిస్తే మీటరుకు 1.2 మోల్. గాలి సెకనుకు 5 మీటర్లు అనుకుంటే ఆ గీతను సెకనుకు 6 మోల్ నైట్రోజన్ డయాక్సైడ్ దాటుతోంది.

ఇది ఇంకా ఉద్గారం కాదు, రెండు మెట్లున్నాయి. గొట్టంలోంచి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం నైట్రిక్ ఆక్సైడ్, ట్రోపోమికి అది కనబడదు. గాలిలోని ఓజోన్‌తో కలిసి అది డయాక్సైడ్‌గా మారుతుంది, మధ్యాహ్నం ఎండలో రెండింటి మధ్యా ఒక సమతూకం ఏర్పడుతుంది. ఆ స్థితికి పరిశోధకులు మామూలుగా వాడే గుణకం 1.32. అంటే 6 కాస్తా 7.92 మోల్ అవుతుంది. గీత ప్లాంటుకు మరీ దగ్గరగా, రెండు మూడు కిలోమీటర్లలో గీస్తే ఈ గుణకం చెల్లదు, ఎందుకంటే అక్కడ ఇంకా నైట్రిక్ ఆక్సైడే ఎక్కువ. 15 కిలోమీటర్లు అన్నది అందుకే. రెండోది ఆయుష్షు. పొగ 15 కిలోమీటర్లు రావడానికి 3000 సెకన్లు పట్టింది, ఈలోగా కొంత వాయువు రసాయన చర్యలో పోయింది. ఆయుష్షు 4 గంటలు, అంటే 14400 సెకన్లు అనుకుంటే, 3000ను 14400తో భాగించి ఎక్స్‌పొనెన్షియల్ (కాలిక్యులేటర్‌లో eˣ మీట) తీస్తే 1.23 వస్తుంది. 7.92ను దాంతో గుణిస్తే సెకనుకు 9.75 మోల్. నైట్రోజన్ డయాక్సైడ్‌గా లెక్కిస్తే మోల్‌కు 46 గ్రాములు, అంటే సెకనుకు 0.45 కిలో, గంటకు 1.6 టన్నులు.

ఆ 4 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి అని అడగాలి మీరు. స్టెఫెన్ బైర్లె బృందం 2011లో రియాద్ లాంటి విడిగా ఉన్న పెద్ద మూలాల మీద, గాలి దిశల వారీగా పొగ తోక ఎంత దూరంలో ఎంత తగ్గుతోందో చూసి ఆయుష్షునూ ఉద్గారాన్నీ ఒకేసారి రాబట్టింది, అక్కడ వచ్చినది 4 గంటల చుట్టుపక్కలే. మీ ప్లాంటుకు అదే ఉండాలని రూలేం లేదు. ఎండ తక్కువున్న చలికాలంలో ఆయుష్షు బాగా పెరుగుతుంది. కుదిరితే 15, 25, 35 కిలోమీటర్ల దగ్గర మూడు గీతలు గీసి ఎంత తగ్గుతోందో మీరే చూసుకోండి. సల్ఫర్ డయాక్సైడ్‌కు 6 గంటలు అనుకోవడం పరిపాటి. మీథేన్‌కైతే ఈ బెడదే లేదు, అది ఏళ్ల తరబడి గాలిలో ఉంటుంది. కానీ దానికి బ్యాక్‌గ్రౌండ్ చాలా ఎక్కువ, లీకును అందులోంచి వేరు చేయడమే కష్టం.

ఒక్క రోజు చిత్రంతో ఆగిపోకండి. సగటు తీయడానికి రెండు దారులు. మొదటిది, ప్రతి రోజు పిక్సెళ్లనూ ప్లాంటు చుట్టూ తిప్పి అన్ని రోజుల గాలీ ఒకే దిక్కుకు వచ్చేలా పేర్చడం. అలా పేరిస్తే పొగ తోకలన్నీ ఒకదానిమీద ఒకటి పడి గట్టిపడతాయి, నాయిస్ చెదిరిపోతుంది. సల్ఫర్ డయాక్సైడ్‌కు ఇది తప్పనిసరి అనే చెప్పాలి, విటాలీ ఫియొలెటొవ్ బృందం ప్రపంచంలోని పెద్ద మూలాల జాబితాను ఈ పద్ధతిలోనే తయారుచేసింది. రెండోది, ప్రతి గడిలోకి వచ్చే వాయువుకూ బయటికి పోయే వాయువుకూ తేడా తీసి, దానికి రసాయనంగా పోయినది కలపడం. దీంతో మూలం ఎక్కడుందో కూడా మ్యాప్ మీద చుక్కలా తేలుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ కొండల పక్కన వాడితే ఏమీ లేని చోట కూడా ఉద్గారాలు చూపిస్తుంది. నాకైతే మొదటి పద్ధతి మీదే గురి ఎక్కువ.

ఇప్పుడు నేల మీదికి వద్దాం. అన్నిటికంటే సూటి కొలత గొట్టంలోపలిదే, నిరంతర పర్యవేక్షణ మీటరు అక్కడే ఉంటుంది. గాఢతను వాయు ప్రవాహంతో గుణిస్తే ఉద్గారం. వినడానికి ఇంత సులువు, చేయడానికి కాదు. మీటరు రిపోర్టులో ఘనపు మీటరుకు 300 మిల్లీగ్రాములు అని ఉందనుకోండి, పక్కన చిన్న అక్షరాల్లో 6 శాతం ఆక్సిజన్ వద్ద అని ఉంటుంది. అంటే అది సరిదిద్దిన అంకె. గొట్టంలో నిజంగా ఉన్న ఆక్సిజన్ 9 శాతం అయితే అసలు గాఢత 300ను 12తో గుణించి 15తో భాగించినంత, అంటే 240. సరిదిద్దిన 300ను తీసుకెళ్లి అసలు ప్రవాహంతో గుణిస్తే ఉన్నపళంగా 25 శాతం ఎక్కువ వస్తుంది. ప్రవాహానిదీ ఇదే కథ. 130 డిగ్రీల వేడి, 10 శాతం తేమ ఉన్న 100 ఘనపు మీటర్లు, సున్నా డిగ్రీల పొడి వాయువుగా మారిస్తే 61కి వస్తాయి. గాఢత పొడి లెక్కలో, ప్రవాహం తడి లెక్కలో ఉన్నాయని చూసుకోకపోతే 64 శాతం పైకి పోతారు. శాటిలైట్‌కూ మీటరుకూ పొసగడం లేదని ఎవరైనా గోల పెడితే, శాటిలైట్‌ను అనుమానించే ముందు ఈ రెండు గడులు చూడండి.

మన ఊహా ప్లాంటులో ప్రవాహం సెకనుకు 900 నార్మల్ ఘనపు మీటర్లు (అంటే సున్నా డిగ్రీల పొడి వాయువు లెక్కలో), అసలు గాఢత 400 మిల్లీగ్రాములు అనుకుంటే సెకనుకు 0.36 కిలో, గంటకు 1.3 టన్నులు. శాటిలైట్ 1.6 అంది. ఇది గొడవా? కాదు. శాటిలైట్ వైపు అనిశ్చితి వేసి చూడండి. కాలమ్‌లో 30 శాతం, గాలిలో 20, గుణకంలో 10, ఆయుష్షులో 20 అనుకుని ఒక్కోదాన్నీ వర్గం చేసి కూడి వర్గమూలం తీస్తే 42 శాతం. అంటే 1.6 అన్నది 0.9 నుంచి 2.3 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, 1.3 హాయిగా అందులో ఇమిడిపోతుంది. ఎక్కువ రోజుల సగటు తీస్తే ఇందులో యాదృచ్ఛికమైనది తగ్గుతుంది, కానీ కాలమ్‌లోని ఒకవైపు లోపం తగ్గదు. ట్రోపోమి నైట్రోజన్ డయాక్సైడ్ లెక్కలో వాయువు ఏ ఎత్తున ఎంత ఉంటుందో ఒక డిగ్రీ గడుల ముతక మోడల్ నుంచి తీసుకుంటారు, అందువల్ల పెద్ద మూలాల మీద అంకె తక్కువగా రావడమే ఎక్కువ. సన్నని గడుల మోడల్ ప్రొఫైల్ మీ దగ్గర ఉంటే ఫైల్‌లోనే ఇచ్చే యావరేజింగ్ కర్నెల్‌తో (ఏ ఎత్తున ఉన్న వాయువు శాటిలైట్‌కు ఎంతగా కనబడుతుందో చెప్పే అంకెల పట్టీ) సరిదిద్దుకోవచ్చు.

మీటరు డేటా మీ చేతికి రాకపోతే? బయటి నుంచి కొలిచే మార్గం ఉంది. ఆకాశం వైపు చూసే చిన్న స్పెక్ట్రోమీటర్‌ను కారు మీద పెట్టి ప్లాంటు చుట్టూ ఉన్న రోడ్ల మీద ఒక చుట్టు తిరగడం, దీన్ని మొబైల్ డోయాస్ అంటారు. ఇది కూడా నిలువు కాలమ్‌నే కొలుస్తుంది కాబట్టి పైన చేసిన గీత లెక్కే ఇక్కడా పనిచేస్తుంది, కాకపోతే పిక్సెల్ కిలోమీటర్లలో కాకుండా మీటర్లలో ఉంటుంది. శాటిలైట్ వచ్చే వేళకు తిరిగితే పోలిక ఇంకా బాగుంటుంది. ప్లాంటు పక్కన గాలి నాణ్యత స్టేషన్ ఒకటుంది కదా, దాన్ని బట్టి ఉద్గారం చెప్పేద్దాం అనుకుంటారు కొందరు. ఎత్తైన గొట్టం పొగ ఆ స్టేషన్ నెత్తి మీదుగా పోయి ఎక్కడో 10 కిలోమీటర్ల అవతల దిగుతుంది, పక్కనే ఉన్నదానికి దాని వాసన కూడా తగలకపోవచ్చు. పైగా చాలా స్టేషన్లలోని మాలిబ్డినం కన్వర్టర్ అనలైజర్లు నైట్రిక్ ఆమ్లం లాంటివాటిని కూడా డయాక్సైడ్‌గానే లెక్కేస్తాయి, అంచేత అంకె ఎక్కువ చూపిస్తాయి. చవక సెన్సార్లలో ఓజోన్ కలగజేసుకుంటుంది. స్టేషన్లు పనికిరావని కాదు, గాలి ఏ దిశ నుంచి వచ్చినప్పుడు గాఢత పెరుగుతోందో చూసి దోషి ఎటువైపు ఉందో పట్టుకోవడానికి, ఏ వేళలో వదులుతున్నారో పసిగట్టడానికి బ్రహ్మాండంగా ఉంటాయి. టన్నులు మాత్రం వాటిని అడగొద్దు.

సల్ఫర్‌కైతే కొలతే అక్కర్లేని మూడో సాక్షి ఉంది, ఇంధనం. 1 శాతం సల్ఫర్ ఉన్న 100 టన్నుల బొగ్గు కాలిస్తే 1 టన్ను సల్ఫర్, అది 2 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, బూడిదలో నిలిచిపోయే కొద్ది శాతం తీసేయాలి, సల్ఫర్ తొలగించే యంత్రం నడుస్తుంటే అది పట్టేదీ తీసేయాలి. ఆ యంత్రం ఉన్నా ఆపేసి నడుపుతున్నారేమో అని అనుమానం ఉంటే ఈ లెక్కనూ శాటిలైట్ సగటునూ పక్కపక్కన పెట్టండి, చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

గంట లెక్కను ఏడాదికి మార్చేటప్పుడు 1.6ను 8760తో గుణించేసి 14 వేల టన్నులు అని రాసేయకండి. శాటిలైట్ చూసింది మబ్బులేని మధ్యాహ్నాలను మాత్రమే. రాత్రి లోడ్ ఎంతో, వర్షాకాలంలో ఏం జరిగిందో, నెల్లాళ్లు మరమ్మతుకు ఆపారో లేదో దానికి తెలియదు. గంట గంట విద్యుదుత్పత్తి గానీ మీటరు డేటా గానీ ఉంటే, మధ్యాహ్నం ఒకటిన్నరకు రెండూ కలిసే చోట శాటిలైట్ అంకెను మేకులా దిగ్గొట్టి, మిగతా గంటలకు నేల డేటా ఆకారాన్ని బట్టి సాగదీయండి. ఎన్ని గంటలు నడిచిందన్నది మీటరు చెబుతుంది, మీటరు సరిగ్గా చెబుతోందా అన్నది శాటిలైట్ చెబుతుంది.

చివరగా డేటా వెర్షన్ సంగతి. ట్రోపోమి నైట్రోజన్ డయాక్సైడ్ ప్రాసెసింగ్‌లో 2020 చివర్లో మబ్బుల లెక్క మార్చారు, దాంతో కాలుష్యం ఎక్కువున్న చోట్ల కాలమ్‌లు పెరిగాయి. 2019 పాత ఫైళ్లు, 2021 కొత్త ఫైళ్లు కలిపి గ్రాఫ్ గీస్తే పాపం ఏమీ చేయని ఫ్యాక్టరీ కూడా ఉద్గారాలు పెంచినట్టు కనిపిస్తుంది. ఏళ్ల మధ్య పోల్చాలంటే తిరిగి ప్రాసెస్ చేసిన ఫైళ్లనే మొదటి నుంచి చివరిదాకా వాడండి. ఫలితం పక్కన వెర్షన్ సంఖ్య, వాడిన గాలి ఎత్తు, ఆయుష్షు, ఎన్ని రోజులు వడపోతలో మిగిలాయో రాసిపెట్టండి. అంకెను ఒంటరిగా కాకుండా 0.9 నుంచి 2.3 టన్నుల మధ్య అన్నట్టు పరిధితోనే ఇవ్వండి, అవతలివాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.